మాలి గురించి ఇంకొంచెం రాయండి

సంపాదకుడు గారికి,
నమస్కారం.

2025 జూలైలో పశ్చిమ ఆఫ్రికా దేశం మాలిలోని కాయెస్‌లో ఒక సిమెంట్ ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు భారతీయులను సాయుధులు ఎత్తుకెళ్లారు. అప్పుడు మన పత్రికల్లో మాలి పేరు రోజూ కనిపించింది. ఆ కుటుంబాలు పడిన టెన్షన్ తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది, ఆ వార్తలు రాయాల్సిందే. కానీ మామూలు రోజుల్లో మాలి పేరు వచ్చిందంటే అది సైనిక తిరుగుబాటో, కరువో, బాంబు దాడో అయి ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ దేశపు పాటలు వింటున్న నాకు ఇది బాధగా ఉంటుంది.

మీ ఆదివారం సంచికలో అలీ ఫర్కా టూరే గురించి ఒక పేజీ ఇవ్వండి. మాలి గాయకుడు, గిటారిస్టు. 2006 మార్చిలో ఆ దేశ రాజధాని బమాకోలో ఎముకల క్యాన్సర్‌తో చనిపోయారు.

ఆయన పుట్టింది 1939లో, నైజర్ నది ఒడ్డున, టింబక్టూ ప్రాంతంలోని ఒక పల్లెలో. తల్లికి పదో కొడుకు. ముందు పుట్టిన తొమ్మిది మందీ పసితనంలోనే పోయారు. బతికిన ఈ పిల్లాడికి 'ఫర్కా' అని ముద్దుపేరు పెట్టారు. ఫర్కా అంటే గాడిద. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో మనవాళ్లు పెంటయ్య, పెంటమ్మ అని పేర్లు పెట్టిన సంగతి మా నాయనమ్మ చెప్పేది. ఎక్కడి నైజర్, ఎక్కడి కృష్ణ! బిడ్డ దక్కాలని తల్లి పడే ఆరాటం మాత్రం రెండు చోట్లా ఒకేలా పేరు పెట్టించింది. నేను ఎవరూ ఎక్కి స్వారీ చేయలేని గాడిదనని అలీ గర్వంగా చెప్పుకునేవారు.

తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేస్తూ చనిపోయాడు. కుటుంబం నియాఫుంకే అనే ఊరికి చేరింది. మాలిలో పాట అంటే వంశపారంపర్యంగా పాడే కులాల పని. అలీది ఆ కులం కాదు, ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. అయినా ఒంటితీగ వాద్యం గుర్కెల్‌ను సొంతంగా నేర్చుకున్నాడు. 1956లో గినీ కళాకారుడు కీటా ఫోడెబా ప్రదర్శన చూశాక గిటార్ పట్టాడు. టాక్సీ నడిపాడు, మెకానిక్ పని చేశాడు. తర్వాత బమాకోలో రేడియో మాలిలో సౌండ్ ఇంజినీరుగా ఉద్యోగం చేశాడు. ఎక్కువగా తన సొంఘాయ్ భాషలోనూ, ఫులానీ, తమషెక్ లాంటి పొరుగువాళ్ల భాషల్లోనూ పాడాడు. పొరుగువాడి భాషలో పాడితే ఆ పొరుగువాడు కూడా తన పాటే అనుకుంటాడు కదా. అన్ని జాతులున్న దేశంలో అది చిన్న పనేం కాదు.

ఆయన గిటార్ విన్న పాశ్చాత్యులు బ్లూస్ అనే నల్లజాతి అమెరికన్ల సంగీతం పాడే జాన్ లీ హుకర్‌తో పోల్చారు. అలీకి ఆ పోలిక నచ్చేది కాదు. ఆ సంగీతపు వేళ్లు మా గడ్డలోనే ఉన్నాయి, అమెరికాలో ఉన్నవి కొమ్మలేనని వాదించేవారు. 1994లో అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన 'టాకింగ్ టింబక్టూ' ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. అంతకు ముందు ఏడాది ఇదే కూడర్ మన మోహనవీణ విద్వాంసుడు విశ్వమోహన్ భట్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు కూడా గ్రామీ వచ్చింది. భట్ గారి గురించి చదివిన మన పాఠకులకు అలీ గురించి కూడా తెలియాలి.

నాకు ఎక్కువ నచ్చేది ఆ తర్వాతి కథ. అంత పేరొచ్చాక ఆయన పారిస్‌లో ఇల్లు కొనుక్కోలేదు, నియాఫుంకేకు వెళ్లి వ్యవసాయం చేశాడు. నేను ముందు రైతును అనేవాడు. పొలం వదిలి రానంటే రికార్డింగ్ కంపెనీయే సామాను మోసుకుని ఆ ఊరికి వెళ్లింది. పాడుబడ్డ భవనంలో జనరేటర్ పెట్టుకుని, పొలం పనులు తీరిన వేళల్లో రికార్డు చేసిన ఆల్బమ్‌కు ఊరి పేరే పెట్టారు. అది 1999లో వచ్చింది. 2004లో ఊరికి మేయర్ అయ్యాడు. రోడ్లు చదును చేయించడానికి, మురుగు కాలువలు తవ్వించడానికి, కరెంటు జనరేటర్‌కు సొంత డబ్బు పెట్టాడు. మైకుల్లో జన్మభూమి రుణం గురించి వింటూ పెరిగిన మనకు ఈ మనిషి కథ చెప్పాలా వద్దా?

2012లో ఉత్తర మాలిని ఆక్రమించిన సాయుధ ముఠాలు సంగీతాన్నే నిషేధించాయి. గాయకులు బమాకోకు పారిపోయారు. అలీ కొడుకు వ్యూ ఫర్కా టూరే ఇప్పటికీ గిటార్ వాయిస్తూ తండ్రి పాటను నిలబెడుతున్నాడు. మాలి గురించి మనకు వచ్చే వార్తల్లో ఆ ముఠాలే ఉంటాయి, ఈ పాట ఉండదు.

ఇంకొక మనవి. 'ఆఫ్రికా గాయకుడు' అని రాసి వదిలేయకండి. ఆఫ్రికా ఒక దేశం కాదు. ఒకప్పుడు ఉత్తరాదివాళ్లు మనందరినీ 'మద్రాసీ' అని ఒకే మాటతో పిలిస్తే మనకెంత మండేదో మీకు తెలుసు. దేశం పేరు, భాష పేరు రాయండి. పేజీలో మాలి మ్యాప్ వేస్తే, నైజర్ వెంట టింబక్టూకు కాస్త ఎగువన నియాఫుంకేను కూడా గుర్తు పెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు, మిర్యాలగూడ