రెండు చెంచాలు, ఒక అయస్కాంతం

చిట్టితల్లికి, అమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. బాబు రెండో తరగతిలోనే వెనకబడిపోతున్నాడని, టీచరు పిలిపించి "ఒక్కచోట కూర్చోడు, పాఠం సాగనివ్వకుండా ప్రశ్నలు వేస్తాడు, ఆటల ధ్యాస ఎక్కువ" అన్నారని చెప్పావు. ఆ బాధలోనే వాడి డబ్బాలు, గొట్టాలు, క్లే ముద్దలు అన్నీ మూటగట్టి అటక ఎక్కించేశానన్నావు. అప్పుడు నేనేమీ మాట్లాడలేదు. నువ్వు అలసిపోయి ఉన్నావు, ఏమన్నా తప్పు పట్టినట్టే వినిపిస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. తప్పు పట్టడానికి కాదు తల్లీ, ఇదే పని నీ విషయంలో నేనూ చేశాను కాబట్టి.

నీకు గుర్తుందో లేదో, అప్పుడు నువ్వు మూడో తరగతి. పాడైపోయిన రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి నీ చేతికి చిక్కింది. రెండు రోజులు దాన్ని వదల్లేదు. గుండుసూదులు, తాళంచెవులు, తలుపు గొళ్లెం, కిటికీ ఊచలు, చివరికి నా గాజులు కూడా. దేనికి అంటుకుంటుందో, దేనికి అంటుకోదో చూస్తూ ఇల్లంతా తిరిగావు. మూడో రోజు సాయంత్రం వంటింట్లోకి వచ్చి రెండు స్టీలు చెంచాలు నా ముందు పెట్టావు. "అమ్మా, ఇది అంటుకుంటోంది, ఇది అంటుకోవడం లేదు. రెండూ స్టీలువే కదా, ఎందుకు?" అన్నావు. మర్నాడు నీకు పరీక్ష. చెంచాలు నీ చేతిలోంచి లాక్కుని, "అయస్కాంతం ఇనుమును ఆకర్షిస్తుంది. అంతే. వెళ్లి పదిసార్లు రాయి" అన్నాను. రాశావు. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, మార్కులూ వచ్చాయి. ఆ తర్వాత అయస్కాంతం నీ చేతిలో నేను మళ్లీ చూడలేదు.

నీ ప్రశ్నకు అది జవాబే కాదని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఆ రెండు చెంచాల్లోనూ ఎక్కువ భాగం ఇనుమే. తుప్పు పట్టకుండా ఉండడానికి స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం కలుపుతారు. కొన్ని రకాల్లో దానితోపాటు నికెల్ కూడా కలుపుతారు. నికెల్ తగినంత కలిస్తే లోహం లోపల పరమాణువులు పేర్చుకునే తీరే మారిపోతుంది, ఇక అది అయస్కాంతానికి లొంగదు. అంటే ఇనుముతో చేసినా అయస్కాంతానికి అంటుకోని వస్తువును ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తాను వెతికి పట్టుకుంది. పాఠంలోని వాక్యం ఎక్కడ ఆగిపోతుందో నీ ప్రశ్న అక్కడ మొదలైంది. నేను నిన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి, మళ్లీ ఆ వాక్యం దగ్గరే కూర్చోబెట్టాను. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అమెరికాలో కొందరు పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చదివినప్పుడు, ఆ సాయంత్రమే కళ్లముందు మెదిలింది. వాళ్లు గొట్టాలతో ఒక కొత్త బొమ్మ తయారుచేశారు. ఒక గొట్టం లాగితే కీచుమంటుంది. ఒకచోట నొక్కితే వెలుగుతుంది. ఇంకోచోట సంగీతం వస్తుంది. మరో గొట్టం లోపల అద్దం దాగి ఉంది. ఇంకా ఒకటో తరగతికి రాని పిల్లలను పిలిచి, కొందరికి "ఈ బొమ్మ ఎలా పనిచేస్తుందో చూపిస్తాను చూడు" అని కీచుమనే గొట్టం ఒక్కటి లాగి చూపించి, బొమ్మ చేతికిచ్చారు. మరికొందరి ముందు అదే గొట్టాన్ని పొరపాటున తగిలినట్టు లాగి, తామే ఆశ్చర్యపోయినట్టు నటించి ఇచ్చారు. శ్రద్ధగా నేర్పించుకున్న పిల్లలు ఎక్కువగా ఆ కీచు గొట్టం దగ్గరే ఆగిపోయారు, త్వరగా ఆట చాలించారు. రెండోవాళ్లు చాలాసేపు తిప్పి తిప్పి చూసి, దాగి ఉన్న మిగతా సంగతులు ఎక్కువగా బయటికి తీశారు. మొదటి పిల్లలకు తెలివి తక్కువై కాదు. తెలిసిన పెద్దవాళ్లు పనిగట్టుకుని ఒక్కటే చూపించారంటే, ఇందులో ఉన్నది అంతేనని వాళ్లు సరిగ్గానే లెక్కగట్టారు. పెద్దవాళ్ల మాట మీద వాళ్లకున్న నమ్మకమే అక్కడ వెతుకులాటను ఆపేసింది. "అంతే" అని నేను నీతో అన్న మాట ఎంత బరువైనదో ఇప్పుడు తెలుస్తోంది.

పోయిన నెల మీ ఇంట్లో ఉన్న పది రోజులూ అందుకే నోరు కట్టేసుకుని వాణ్ని చూస్తూ ఉండిపోయాను. ఒక సాయంత్రం సంగతి నీకు చెప్పాలి. స్నానాల గదిలో బకెట్టు నిండా నీళ్లు, వాడి చేతిలో పిడికెడు క్లే ముద్ద. నీళ్లలో వేశాడు, బుడుంగున మునిగింది. తీసి, సగం తుంచి వేశాడు. మునిగింది. ఇంకా ఇంకా తుంచి చిటికెన వేలి గోరంత ముక్క వేశాడు. అదీ మునిగింది. "ఇంత చిన్నది కూడా మునుగుతోందేమిటి అమ్మమ్మా!" అని నావైపు చూశాడు. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది, బలవంతాన ఆపుకున్నాను. "అవును, నాకూ ఆశ్చర్యంగానే ఉంది" అని మాత్రం అన్నాను. కాసేపు బకెట్టు అంచు పట్టుకుని నీళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు. నీళ్ల మీద మగ్గు తేలుతోంది. దాన్ని వేలితో నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. తర్వాత ముక్కలన్నీ ఏరి ఒకే ముద్ద చేసి, మగ్గు అడుగుకు అదిమి పల్చగా సాగదీసి, అంచులు పైకి లేపి చిన్న తొట్టెలా చేశాడు. నీళ్ల మీద పెట్టగానే ఒక పక్కకు ఒరిగి, నీళ్లు నిండి మునిగింది. తీసి ఆ పక్క అంచు పెంచాడు. ఈసారి అవతలి పక్కకు ఒరిగింది. ఆరోసారో ఏడోసారో అది నిలబడింది. వాడు ఊపిరి బిగబట్టాడు, నేను కూడా. "చిన్నది మునిగింది, ఇంత పెద్దది తేలింది!" అని అరిచాడు.

ఆ ఒక్క మాటలో ఎంత ఉందో చూడు. బరువుగా ఉన్నవి మునుగుతాయి, తేలికవి తేలుతాయి అనుకున్నాడు. అందుకే తుంచుతూ పోయాడు. తన లెక్క తప్పని తన చేతులతోనే తేల్చుకుని, బరువు మార్చకుండా ఆకారం మార్చాడు. తొట్టె ముద్దకంటే ఎక్కువ నీటిని పక్కకు నెడుతుంది, అందుకే తేలుతుంది. తేలడం, మునగడం గురించి సూత్రం చెప్పిన ఆర్కిమిడీస్ పేరు వాడికి తెలియదు, ఇప్పుడు తెలియనక్కర్లేదు. పెద్ద తరగతిలో ఆ సూత్రం ఎదురైన రోజున, అది వాడికి గాలిలోంచి ఊడిపడినట్టు ఉండదు. అప్పుడే నువ్వు ఆఫీసు నుంచి వచ్చావు. నీ కళ్లబడింది తడిసిన చొక్కా, రాయని హోంవర్కు. ఆ క్షణంలో నీ స్థానంలో ఎవరున్నా అదే చూస్తారు.

ఇక టీచరు చెప్పిన సంగతులు. ఆమె మీద కోపం పెట్టుకోకు. తరగతి నిండా పిల్లలుంటే, ఒక్కడి ప్రశ్న వెంట పోతే పాఠం పూర్తికాదని ఆమె భయం. కానీ వాడి ప్రశ్నలను జబ్బులా చూడొద్దు. లండన్‌లో బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే ఇద్దరు పరిశోధకులు 30 మంది నాలుగేళ్ల ఆడపిల్లల మాటలను ఇంట్లోనూ నర్సరీ బడిలోనూ రికార్డు చేసి, 1984లో ఆ వివరాలు ప్రచురించారు. ఇంట్లో తల్లిని గంటకు సగటున 26 ప్రశ్నలు అడిగిన పిల్లలు, బడిలో పెద్దవాళ్లను గంటకు 2 అడిగారు. పిల్లలు వాళ్లే, నోళ్లు అవే. మన వాడు బడిలో కూడా అడుగుతున్నాడంటే నాకు సంతోషంగానే ఉంది. ఆ ప్రశ్నలన్నీ బడిలోనే తీరాలని లేదు. "గుర్తుపెట్టుకుని సాయంత్రం నాకు చెప్పు, ఇద్దరం చూద్దాం" అను. అని మరిచిపోకు సుమా, చూడాలి.

ఒక్కచోట కూర్చోడన్న మాటకు కూడా ఒక సంగతి చెబుతాను. వైగోత్స్కీ అనే సోవియట్ మనస్తత్వవేత్త 1933లో ఆట గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఆటలో పిల్లవాడు తన మామూలు స్థాయికంటే ఒక తల ఎత్తు పైన ఉంటాడని అందులో అన్నాడు. ఆటంటే ఇష్టం వచ్చినట్టు ప్రవర్తించడమని మనం అనుకుంటాం. నిజానికి ఆటలో ఉన్నన్ని నియమాలు, వాటికి పిల్లలు లొంగినంతగా లొంగడం మనం చెప్పే క్రమశిక్షణలో ఉండవు. ఆ తర్వాత సోవియట్ దేశంలోనే జరిగిన ఒక ప్రయోగంలో, కదలకుండా నిలబడమంటే నిలబడలేని పిల్లలు, కాపలా సిపాయి వేషం ఇస్తే అంతకంటే చాలా ఎక్కువసేపు కదలకుండా నిలబడ్డారు. దాగుడుమూతల్లో దొరక్కుండా తలుపు చాటున బాబు ఎంతసేపు బిగుసుకుని కూర్చుంటాడో నువ్వే చూశావు కదా. వాడికి కూర్చోవడం రాదని కాదు.

నువ్వు యథాలాపంగా అన్న ఒక మాట మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంది. పని పూర్తిచేయలేదని వాణ్ని ఆటల విరామంలో బయటికి పంపడం లేదని. దీని గురించి మాత్రం వెళ్లి మాట్లాడు. మర్యాదగా, కానీ గట్టిగా. విరామాన్ని శిక్షగానో, చదువు పేరుతోనో పిల్లల నుంచి తీసేయకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2013లోనే స్పష్టంగా ప్రకటించింది. కాసేపు పరుగెత్తి వచ్చిన పిల్లలకు మళ్లీ పాఠం మీద మనసు నిలుస్తుంది. కదలకుండా ఉండలేని పిల్లవాడికి కదిలే సమయం తగ్గిస్తే వాడు ఇంకెలా కుదురుగా ఉంటాడు?

అలాగని అన్నీ ఆటలోనే వచ్చేస్తాయని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లను నమ్మకు కూడా. మాటలు వినగా వినగా వస్తాయి, చదవడం రాయడం అలా రావు. అక్షరాలు వరసగా, ఓపికగా నేర్పాల్సిందే. రోజూ కొంతసేపు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించు, అందులో మొహమాటం వద్దు. లెక్కల దగ్గర మాత్రం ఒక ఉపాయం ఉంది. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో చేసి చూపించారు. ఒకే వరసలో గళ్లు గీసి 1 నుంచి 10 వరకు అంకెలు వేశారు. పిల్లలు కాయను జరుపుతూ ప్రతి గడిలోని అంకెను పైకి చెప్పాలి. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంటకు అటూ ఇటూగా ఆడించారు. ఏ అంకె పెద్దది, ఏది ఎక్కడ ఉంటుంది అన్నది ఆ చిన్నపిల్లలకు బాగా పట్టుబడింది, 9 వారాల తర్వాత చూసినా పోలేదు. అంకెల బదులు రంగులు వేసిన గళ్లతో ఆడినవాళ్లకు ఆ లాభం రాలేదు. కాయ ఎంత దూరం వెళితే అంకె అంత పెద్దదని చేతికి, కంటికి, చెవికి ఒకేసారి తెలియడంలోనే ఉంది అదంతా. బాబుకు 100 వరకు గీయి. నువ్వు గీయకు, వాడిచేతే గీయించు. గళ్లు చాలక కాగితం అతికించుకోవాల్సి వస్తే ఇంకా మంచిది.

అటక మీది మూట దించు తల్లీ. హోంవర్కు అయ్యాకే ఇస్తానని షరతు పెట్టకు. బడి నుంచి రాగానే ఒక గంట వాడికి వదిలెయ్యి, పుస్తకాలు ఆ తర్వాత. తడిసిన చొక్కా ఎలాగూ విడవాల్సిందే కదా. అల్లుడుగారికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు, ఆయన వాణ్ని కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పేస్తుంటారు, ప్రేమతోనే అనుకో.

దీనితోపాటు ఒక చిన్న పార్సిలు పంపుతున్నాను. అందులో అయస్కాంతం ఉంది. పాతది ఎక్కడ పోయిందో, ఇది కొత్తది. రెండు చెంచాలు మాత్రం అవే, నేను దాచి ఉంచాను. వాడికేమీ చెప్పకుండా బల్ల మీద పెట్టు. వాడు వచ్చి అడిగితే నికెల్ సంగతి చెప్పేయకు, పక్కన కూర్చుని ఇంట్లో మిగతా చెంచాలన్నీ తెచ్చి ఇవ్వు. వీలైతే ముందు నువ్వొకసారి పట్టుకుని చూడు. ఏది అంటుకుందో నాకు రాయి.

నీ
అమ్మ