వార్షిక నివేదిక: ప్రాథమిక వైద్యానికి జాతీయ పరిశోధన నెట్‌వర్క్

సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం మేరకు ఈ ఏడాది సంఘం శక్తిలో సింహభాగం ఒకే పనికి వెచ్చించాం. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలన్నిటినీ పరిశోధన కోసం జాతీయ స్థాయిలో కలపడం. శిక్షణ తరగతులు, వార్తాలేఖ మామూలుగానే సాగాయి.

ఇదంతా ఎందుకని కొందరు సభ్యులు ఇప్పటికీ అడుగుతున్నారు. 1961లో వైద్య పరిశోధకుడు కెర్ వైట్, ఆయన సహచరులు వేసిన లెక్క చూడండి. వెయ్యి మంది పెద్దల్లో ఒక నెలలో 750 మందికి ఏదో ఒక నలత ఉంటుంది. డాక్టరును కలిసేది 250 మంది, ఆసుపత్రిలో చేరేది 9 మంది. విశ్వవిద్యాలయ ఆసుపత్రి గడప తొక్కేది ఒక్కరు. 2001లో లారీ గ్రీన్ బృందం మళ్లీ లెక్కించినా పరిస్థితి పెద్దగా మారలేదు. పరిశోధన మాత్రం ఎక్కువగా ఆ ఒక్కరి చుట్టూనే తిరుగుతోంది. నీరసం, తలతిరుగుడు, వారాల తరబడి తగ్గని దగ్గుతో మన దగ్గరకు వచ్చేవారికి వార్డుల్లో పుట్టిన మార్గదర్శకాలు సరిగ్గా అతకవు.

కేంద్రాలు ప్రతి రోగి గురించి ఏం నమోదు చేయాలన్నదే ఈ ఏడాది అన్నిటికన్నా వేడిగా సాగిన చర్చ. నీరసమని వచ్చిన మనిషికి మొదటి రోజే రక్తహీనత అని రాసేస్తే, రక్తం బాగానే ఉందని తేలాక ఆ రికార్డు దేనికీ పనికిరాదు. కుటుంబ వైద్యుల ప్రపంచ సంస్థ వోంకా 1987లో తెచ్చిన ఐసీపీసీ (ప్రాథమిక వైద్యానికి అంతర్జాతీయ వర్గీకరణ)లో రోగి వచ్చిన కారణాన్ని, వైద్యుడి నిర్ధారణను విడివిడిగా రాయవచ్చు. నీరసానికి ఏ04 అనే కోడ్ వేసి, నిర్ధారణ గడిని తేలేదాకా ఖాళీగా ఉంచవచ్చు. అందుకే దాన్నే ఎంచుకున్నాం.

ఈ వివరాలు నింపే ఫారం ముసాయిదాను నర్సు సభ్యుల చేతికిచ్చాం. ఎర్ర సిరాతో సగం కొట్టేసి పంపారు. "వరండాలో క్యూ ఉండగా ఇన్ని ప్రశ్నలు ఎవరు అడుగుతారు?" అని అంచున రాసిన వ్యాఖ్యతో వాదించడానికి ఎవరూ సాహసించలేదు. ఇప్పుడది ఒకే పేజీ. నింపిన కేంద్రానికి దాని లెక్కలే, మిగతా కేంద్రాల సగటుతో పోల్చి, ప్రతి నెలా తిరిగి వెళతాయి. తీసుకోవడమే తప్ప ఇవ్వడం తెలియని నెట్‌వర్క్‌కు ఎవరూ ఎక్కువ కాలం సహకరించరు.

రోగి పేరు కేంద్రం దాటదు. చిన్న ఊళ్లో వయసు, వృత్తి, అరుదైన జబ్బు కలిస్తే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది కనుక పుట్టిన తేదీకి బదులు వయోవర్గమే పంపుతున్నాం.

అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువగా అందుతుందని 1971లో బ్రిటన్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ చెప్పిన విలోమ సూత్రం సమాచారానికీ వర్తిస్తుంది. కంప్యూటర్లున్న కేంద్రాలతోనే మొదలుపెడితే పని సులువయ్యేది, ఫలితం ఒక పక్కకు ఒరిగేది. కాగితంపై నడిచే మారుమూల కేంద్రాలనూ చేర్చుకున్నాం, దానివల్ల జాప్యం తప్పలేదు. తొందరపెట్టిన సభ్యులకు మా సమాధానం ఇదే.

నిధుల సంగతి బాగోలేదు. పరిశోధనాంశాలు తామే నిర్ణయిస్తామన్న ఒక దాత షరతును కార్యవర్గం తోసిపుచ్చింది. బ్రిటన్‌లో జనరల్ ప్రాక్టీషనర్ల కళాశాల 1957లో మొదలుపెట్టిన పరిశోధన విభాగం దశాబ్దాల పాటు ఫ్లూ పోకడలను గమనించగలిగింది. అలాంటి పనికి ఒకటి రెండేళ్ల గ్రాంటు చాలదు. నెట్‌వర్క్ సమన్వయకర్త జీతాన్ని సభ్యత్వ రుసుము నుంచి ఇవ్వాలా, కేంద్రాల నుంచి వార్షిక చందా వసూలు చేయాలా అన్న విషయంలో కార్యవర్గం రెండుగా చీలింది. రెండు ప్రతిపాదనలూ జతచేశాం. చదివి సమావేశానికి రండి, ఓటింగ్ అక్కడే జరుగుతుంది.

కార్యదర్శి