మా అమ్మాయి కాలు నిలబెట్టినవాళ్లకి

కాలి నొప్పితో కూచిపూడి ఆపేసిన మా అమ్మాయి మళ్లీ గజ్జె కట్టింది. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పుకుంటూనే వచ్చాను గానీ, ఇలాంటిది నలుగురిలో చెప్పుకుంటేనే నాకు తృప్తి.

మొదటి దణ్ణం మా కింది ఫ్లోర్‌లో ఉండే ఫిజియోథెరపిస్ట్ అమ్మాయికి. మోకాలి కింద ముందువైపు ఎముకని బొటనవేలితో పైనుంచి నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. పాప కెవ్వుమంది. నొప్పి జానెడు మేర పాకి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే అది షిన్ స్ప్లింట్స్ అట, సాధన తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. వేలు పెట్టినంత చోటే పోటు, పడుకున్నా సలుపు ఉంటే మాత్రం ఎముకకి సన్నటి పగులు వచ్చిందేమో చూడాలట. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. మొదటి రెండు మూడు వారాల్లో ఈ పగులు ఎక్స్‌రేకి తరచూ దొరకదని, డాక్టర్‌ని అడిగి ఎమ్మారై తీయించమని పట్టుబట్టింది తనే. అందులో బయటపడింది.

తను అడిగిన ఇంకో మాట: "టిఫిన్ తింటున్నావా నాన్నా? నెలసరి సరిగ్గా వస్తోందా?" కాలి నొప్పికీ దానికీ ఏం సంబంధం అనుకున్నాను. ఉందట. రంగప్రవేశానికి, అంటే మొదటిసారి వేదిక ఎక్కే ప్రదర్శనకి, సన్నబడాలని పిల్లలు తిండి తగ్గిస్తారు, నెలసరి తప్పుతుంది, ఎముకలో సత్తువ తగ్గుతుంది, ఆ కాళ్లతోనే రాతినేల మీద అడుగులు కొడతారు. ఆడపిల్లల తల్లులూ, మిగతాది వదిలేసినా ఇది వదలకండి.

మాస్టారికి పాదాభివందనం. "డాక్టర్ సరే అనేదాకా అడుగు వెయ్యొద్దు, క్లాసు మాత్రం మానొద్దు" అన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి అభినయం చేయించారు, చేతికి తాళాలిచ్చి జతులు (అడుగులకి పలికే తాళం మాటలు) చెప్పించారు. లేచాక అరమండి, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం, మొదట్నుంచీ దిద్దారు. పాదాలు బలవంతాన పక్కకి తిప్పేసి మోకాళ్లు ముందుకి వదిలేస్తే మోకాలు మెలిపడుతుంది. తిరగాల్సింది తుంటి దగ్గర. తుంటి ఎంత తిరిగితే పాదం అంతే, మోకాలు కాలివేళ్ల వైపే వంగాలి. ఇప్పుడు క్లాసులో అందరికీ అడుగులకి ముందు మడమలు ఎత్తి దించడం, ఒంటికాలి మీద నిలబడటం తప్పనిసరి చేశారు.

వడ్రంగి బాబాయికి ప్రత్యేకంగా. హాల్లో గ్రానైట్ మీద రబ్బరు ముక్కలు, వాటిపైన అడ్డకర్రలు, ఆపైన ప్లైవుడ్ బిగించారు. చెక్క కాస్త ఒదుగుతుంది, గ్రానైట్ అడుగు దెబ్బంతా కాలికే తిరగ్గొడుతుంది. కూలి మీద పైసా ఎక్కువ తీసుకోలేదు.

క్లాసులో సీనియర్ అక్కలకీ థాంక్స్. మొన్న రిహార్సల్‌లో ఇంకో పాపకి చీలమండ బెణికితే, వేడినూనె పెట్టి తోమబోయిన పెద్దావిడని మర్యాదగానే ఆపారు. గుడ్డలో ఐసు చుట్టి పదిహేను నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజ్ కట్టి, కాలు దిండు మీదకి ఎత్తారు. నాలుగు అడుగులు కూడా వెయ్యలేకపోతే ఎక్స్‌రేకి తీసుకెళ్లాలని వాళ్లకి తెలుసు. ఆ పాప వేసింది, కుంటుతూనే అనుకోండి.

దసరాకి మా కాలనీ గుళ్లో కార్యక్రమం ఉంది, పైన చెప్పినవాళ్లంతా ముందు వరసలో కూర్చోవాలి. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం మాత్రం ఈసారి లేదు. పళ్లెం ఎక్కడం వచ్చే ఏడాదికే అన్నారు మాస్టారు. అది అలిగింది, అలగనీ.