పచ్చ సిరా సంతకం ఈసారి వద్దు

గుంటూరు, బ్రాడీపేట
ఆదివారం రాత్రి

ఒరేయ్ సుబ్రహ్మణ్యం,

నాన్న మాసికం నాడు ఫోనులో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. నాకు తెలివి తప్పి, కోలుకునే ఆశ లేనప్పుడు గొట్టాలు తగిలించి బతికించొద్దని ఇప్పుడే కాగితం రాసిపెడతానంటే, "బతికుండగానే చావుకు వీలునామా ఏమిటిరా, అది ఆత్మహత్యకు తోబుట్టువు కాదా" అన్నావు. నీతో ఫోనులో వాదిస్తే చివరికి నేనేం చెప్పదలచుకున్నానో నాకే గుర్తుండదు. అందుకే కాగితం తీశాను. కాఫీ కలుపుకుని కూర్చో, ఇది ఇప్పట్లో తెమిలేది కాదు.

నువ్వు వచ్చిన రోజు నాన్నను ఐసీయూ అద్దంలోంచే చూశావు. నేను దగ్గరికి వెళ్ళి చూసింది నీకు చెప్పలేదు. ఊపిరి గొట్టం పీకేసుకుంటున్నారని రెండు చేతులనూ గాజుగుడ్డ పీలికలతో మంచం కడ్డీకి కట్టారు. ఎంతమంది పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చెయ్యిరా అది! ముడి కింద మణికట్టు కమిలిపోయింది. కాస్త వదులు చేయబోతే నర్సు "వద్దండీ, మళ్ళీ లాగేస్తారు" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. పంతొమ్మిదో రోజున పెద్ద డాక్టరు పిలిచి, ఇక చేసేదేమీ లేదు, సంతకం పెట్టి ఇంటికి తీసుకువెళ్ళండి అన్నాడు. మరి ఇన్నాళ్ళూ చేసిందేమిటని అడగడానికి నాకు నోరు రాలేదు. అంబులెన్సులో ఒక కుర్రాడు దారి పొడవునా గాలిసంచి నొక్కుతూ వచ్చాడు. ఇంటికి చేరాక అమ్మ తులసితీర్థం పట్టుకొచ్చింది. నోట్లో ఇంకా గొట్టం ఉంది. పెదవి చివర తడిపి ఊరుకుంది.

ఇలా సంతకం పెట్టి తీసుకువెళ్ళడం మన దగ్గర కొత్తేమీ కాదు. కానీ దాన్ని కారుణ్య మరణం అని ఎవరూ అనరు. డాక్టరుకు కేసు భయం, మనకు పదిమంది ఏమంటారోనన్న భయం. అందరం కలిసి ఆ పని చేస్తాం, పేరు మాత్రం పెట్టం.

నీ సందేహం కోర్టుకు కూడా వచ్చిందిలే. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన అప్పటి శిక్షాస్మృతి 309వ సెక్షన్ చెల్లదని 1994లో సుప్రీంకోర్టు అంది. రెండేళ్ళు తిరగకుండానే, 1996లో, ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుని జీవించే హక్కులో చచ్చే హక్కు లేదని ఆ మొదటి తీర్పును కొట్టేశారు. ఇక్కడిదాకా నీ పక్షమే. అయితే ప్రాణం పోవడం ఎలాగూ మొదలయ్యాక గౌరవంగా పోనివ్వడం వేరే సంగతని కూడా ఈ రెండో తీర్పులోనే ఉంది. నేను పట్టుకుని వేలాడుతున్న కొమ్మ అదే.

2004లో మన హైదరాబాదులోనే, కండరాలు క్షీణించే జబ్బుతో ఉన్న చదరంగం ఆటగాడు వెంకటేశ్ తన అవయవాలు పాడుకాకముందే తీసుకొమ్మని వేడుకున్నాడు. హైకోర్టుకు వెళ్ళింది కన్నతల్లి. కోర్టు ఒప్పుకోలేదు. ముంబైలో నర్సు అరుణా శాన్‌బాగ్ సంగతి నీకు తెలిసిందే. 1973లో దాడి జరిగింది, అప్పటినుంచీ తెలివిలేని స్థితిలో మంచం మీదే ఉండి 2015లో న్యుమోనియాతో పోయింది. రచయిత్రి పింకీ విరానీ ఆమెను పోనివ్వమని అడిగితే, రోజూ తినిపించి, పక్క మార్చిన ఆసుపత్రి నర్సులు వద్దన్నారు. 2011లో కోర్టు వాళ్ళ మాటే వింది, కాకపోతే అదే తీర్పులో మిగతావాళ్ళకు ప్రాణం నిలిపే చికిత్స ఆపుకునే దారి తెరిచింది. నిజం చెప్పనా, నా వాదనకు అడ్డం నిలబడేది నువ్వు కాదు, ఆ నర్సులు. నలభై రెండేళ్ళు వంతులు వేసుకుని చూసిన వాళ్ళకు నేనేం చెప్పగలను?

2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తులు లివింగ్ విల్, అంటే నేను రాస్తానన్న ఈ కాగితమే, చెల్లుతుందన్నారు. మొదట్లో దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. ఎవరు తిరుగుతారు ఆ మెట్ల చుట్టూ? 2023 జనవరిలో సడలించి నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలన్నారు.

ఇంజెక్షన్ ఇచ్చి చంపడం మాత్రం ఇక్కడ నేరమే. నెదర్లాండ్స్‌లో 2002 నుంచి చట్టబద్ధం. కెనడా 2016లో అనుమతించి, 2021లో మరణం దగ్గర్లో లేనివాళ్ళకు కూడా తలుపు తీసింది. అక్కడే నాకు వెన్ను జలదరిస్తుంది. "మీకు బరువైపోయానర్రా" అనని ముసలివాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారా? ఆ మాట అన్న పూటే చట్టం కాగితం చాపి "అయితే ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అంటే? అది నాకు వద్దు. నాకు కావలసింది, గొట్టం వేయకుండా ఊరుకునే హక్కు మాత్రమే.

నువ్వు భీష్ముణ్ణి తీసుకొస్తావని తెలుసు. తీసుకురా. అంపశయ్య దగ్గరికి దుర్యోధనుడు శస్త్రవైద్యులను పిలుచుకొస్తే, వాళ్ళకు ధనమిచ్చి, మర్యాద చేసి పంపించెయ్యమన్నాడు ఆయన. దాన్ని ఆత్మహత్య అని ఎవరైనా అన్నారా? పైగా బిల్లు కూడా ఎగ్గొట్టలేదు.

అసలు సంగతికి వస్తాను. నాకు తెలివి లేనప్పుడు నా తరఫున ఎవరు చెప్పాలో ఆ కాగితంలో పేరు రాయాలి. మా అబ్బాయి నాకు జ్వరం వస్తేనే బిక్కమొహం వేస్తాడు, వాడి మీద పెట్టలేను. నీ పేరు రాశాను. గెజిటెడ్ అధికారిగా నీ పచ్చ సిరా సంతకంతో ఎన్ని సర్టిఫికెట్ ప్రతులు గట్టెక్కించుకున్నానో లెక్కలేదు గానీ, ఈసారి ధ్రువీకరణ నోటరీ చేస్తాడు, నువ్వు కాగితం లోపల ఉండాలి. భయపడకు, నీ ఒక్కడి మాట మీద ఎవరూ మీట నొక్కరు. ముందు ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు, దాని మీద మరో ముగ్గురి బోర్డు కూర్చుని ఒప్పుకోవాలి. నువ్వు చూడవలసినవి రెండే. నొప్పి మందు ఆపనివ్వకు. నా చేతులు కట్టనివ్వకు.

శనివారం పదకొండింటికి కోర్టు దగ్గర నోటరీని కలవాలి. పొద్దున్నే బస్సెక్కితే టిఫిను మా ఇంట్లోనే చేయవచ్చు. ఒప్పుకోకపోయినా రా, కావలసినంతసేపు తిట్టుకుందాం. అమ్మకు మాత్రం పొలం కాగితాల పని అని చెప్పాను. నువ్వూ అదే చెప్పు.

నీ
రామం