మూతి కాడ ఏదో తేడా

నల్లగొండ

అరే దోస్తూ,

జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. రాత్రిళ్లు మన బొమ్మల దుకాణం కట్టేసినంక జాన్ సింగర్ సార్జెంట్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మలు ఫోన్‌ల పెద్దగ చేసుకుంట చూస్తున్న, ఇగ ఉత్తరాలెక్కడివి! అమెరికా వాళ్ల పిల్లగాడు, పుట్టింది 1856ల ఇటలీల. బొమ్మ నేర్చింది పారిస్‌ల, పేరు సంపాయించింది లండన్‌ల. దొరలు, దొరసానులు ఆయనతోటి బొమ్మ గీయించుకునుడే గొప్ప అనుకునేటోళ్లు.

గని పారిస్‌ల ఆయన కొంప ముంచింది ఒక్క భుజం పట్టీ రా. 1884ల సలోన్ అనే పారిస్ పెద్ద బొమ్మల ప్రదర్శనల వర్జినీ గౌత్రో అనే సొగసుకత్తె బొమ్మ పెట్టిండు. దగ్గర దగ్గర ఏడడుగుల బొమ్మ. నల్ల గౌను, పౌడరు కొట్టిన తెల్లటి ఒళ్లు, మొఖం పక్కకు తిప్పింది. కుడి భుజం మీది పట్టీ జారినట్టు గీసిండు. ఊరంత గోల! మా బిడ్డ పరువు పాయెనని వాళ్లమ్మ వచ్చి ఏడ్చిందట. ఆ పట్టీని మళ్ల భుజం మీదికి ఎక్కించిండు గని, పారిస్‌ల గిరాకీ పోయింది, లండన్ బాట పట్టిండు. బొమ్మను మాత్రం తన కాడనే ఉంచుకొని, 1916ల న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి వెయ్యి పౌన్లకు ఇచ్చిండు. నేను గీసినవాట్ల ఇదే మంచిదేమో అని అప్పుడు రాసిండు కూడ. అదే 'మేడమ్ ఎక్స్'.

ఆయన పని తీరు విను. కూసున్న మనిషి పక్కనే కాన్వాసు నిలబెడ్తడు. దూరం పోయి రెంటినీ ఒక్క చూపుల చూస్తడు, వచ్చి ఒక్క గీటు పెడ్తడు, మళ్ల ఎనక్కి. కుదరకపోతే దిద్దుడు గిద్దుడు లేదు, తలకాయ మొత్తం గీకేసుడే. మనం గళ్లు కొట్టుకొని పాస్‌పోర్ట్ ఫోటోల ముక్కు కొలిచేటోళ్లం. అట్ల గీకేస్తే రంగుల పైసలు ఎవడిస్తడు?

అంత పేరున్నోడు గూడ 1907 దరిదాపుల ఇగ మొఖాలు గీయనని మొండికేసిండు. నీటిరంగులు పట్టుకొని కొండలు, పడవలు గీసుకుంట తిరిగిండు. మరీ బతిమిలాడితే బొగ్గుతోటి రెండు మూడు గంటల్ల ఒక తలకాయ. మూతి కాడ ఏదో తేడా ఉన్నదే పోర్ట్రెయిట్, అంటే మనిషి మొఖం బొమ్మ, అని ఆయన అన్నట్టు చెప్పుకుంటరు. మొన్న ప్రకాశం బజారు దిక్కు నుంచి ఒకాయన వచ్చి, పోయిన తండ్రి బొమ్మ చూసి, "అన్నీ మంచిగున్నయి, మూతే మా బాపుది కాదు" అన్నడు. ఆయన తెచ్చిన ఫోటోల మీసమే తప్ప మూతి కనవడదు! నవ్వు ఆపుకోలేక చాయ్ చెప్పిన.

మీ తాత బొమ్మ గీసియ్యమన్నవు కద, ఆధార్ కార్డు ఫోటో మాత్రం పంపకు. ఏ పెండ్లిలనో నవ్వుకుంట దిగింది ఉంటే పెట్టెలన్నీ ఎతికి పంపు. మూతి ఎట్లుండెనో మీ నాయనమ్మనడిగి ముందే రాయి, గీసినంక కాదు.

నీ దోస్తు