నర్సాపురం నుంచి సుబ్బుకు

ప్రియమైన సుబ్బూ,

నీ ఉత్తరం అందింది. కొండ మీది ఆ విడిదిలో రెండు రోజులపాటు మనిషి అలికిడి లేదని, జీవితంలో అంతటి వైభవం అనుభవించలేదని రాశావు. అమ్మకు చదివి వినిపిస్తే, "పలకరించే దిక్కులేని చోట అంత డబ్బు పోశాడా నా తండ్రి" అని నొచ్చుకుంది. ఇద్దరిదీ మనసులోని మాటే. అందుకే ఇంతసేపు ఆలోచించాను.

మన గోదావరి వాళ్ల వైభవానికి తినే నోళ్లు కావాలిరా. 2022 సంక్రాంతికి ఈ ఊళ్లోనే ఒక కుటుంబం కాబోయే అల్లుడి ముందు 365 రకాలు పెట్టింది. ఆ అబ్బాయి అన్నీ తినలేడని వాళ్లకు తెలియదా? అది ఆకలికి పెట్టింది కాదు, మర్యాదకు పెట్టింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యేదాకా కరువులతో అల్లాడిన నేల ఇది. కాలువలు పారి గాదెలు నిండాక, పదిమందికీ విస్తరి వేయగలగడమే గొప్పతనమైందని నా నమ్మకం.

పులసనే చూడు. వరదనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వస్తుంది, కొన్ని వారాలే దొరుకుతుంది. యానాంలో ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది. సముద్రంలో వలకు చిక్కిన అదే జాతి చేపకు ఆ ధర ఎవరూ ఇవ్వరు. ఇన్ని ముళ్లున్న చేపకు అంత డబ్బా అని మీ పక్కింటివాళ్లు ఆశ్చర్యపోతారు. ఇక్కడ మాత్రం మట్టి దాకలో పులుసు కాచి, మర్నాడు చుట్టాల ఇళ్లకు గిన్నెలు పంపితేనే కొన్నవాడికి తృప్తి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఒకచోట మర్యాదకు తప్పనిసరైంది ఇంకోచోట ఎవరికీ పట్టదని ఆర్థికవేత్త ఆడం స్మిత్ 1776లోనే రాశాడు. ఇంగ్లండులో ఎంత పేదవాళ్లయినా తోలు బూట్లు లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడేవారట. ఫ్రాన్సులో పేదలు వట్టికాళ్లతో తిరిగినా తప్పుపట్టేవారు కాదట.

నన్ను బాధపెట్టేది మన లేసు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక ఇప్పటికీ మన అరుగుల మీద సాగుతోంది. విదేశాల్లో భోజనాల బల్ల మీద పరిస్తే అది ఆ ఇంటి హోదా. అల్లిన మనిషికి మాత్రం వంటా వార్పూ అయ్యాక, కళ్లు గుంజేదాకా చేసినా చేతికి చాలీచాలని కూలి. తన ఇంట్లో పరుచుకోవాలని ఆమెకు తోచదు, కూతురికి ఒక జత గాజులు చేయించగలిగితే అదే ఆమెకు వైభవం. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు ఈ అరుగు కనిపించదు. కనిపించాలని గట్టిగా కోరుకుంటాను.

ఇక ఇంటి సంగతి. అమ్మాయి పెళ్లి మాఘంలో అనుకుంటున్నాం. అదీ నీ దారే: కావలసిన కొద్దిమందితో, ఎక్కడైనా ప్రశాంతంగా చేయమంటోంది. ఊరంతటికీ భోజనం పెట్టకుండా పెళ్లేమిటని వాళ్ల అమ్మ. నేను విస్తరి పక్షమే, దాచడం దేనికి? కానీ పిల్ల కోరుకునేది పిసినారితనమని ఎవరైనా అంటే ఊరుకోను. నీ మాటంటే దానికి గురి. ఈ ఆదివారం ఫోన్ చేసి దానితో మాట్లాడు, ముందు అది చెప్పేది పూర్తిగా విను.

నీ
రాంబాబు