ఇంట్లో కట్టుకున్న సంప్: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా అక్వేరియానికి సంప్ తయారైంది. సంప్ అంటే ట్యాంకు కింద పెట్టే వడపోత తొట్టి; నీళ్లు పై ట్యాంకులోంచి దీంట్లోకి దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్తాయి. అంచుదాకా నీళ్లు నింపి చూశాను, ఎక్కడా చుక్క కారలేదు. అద్దమా, యాక్రిలిక్కా, ప్లాస్టిక్ టబ్బా అని తేల్చుకోలేక సతమతమవుతుంటే ఓపిగ్గా దారి చూపిన ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

ముందుగా, ఎన్నో ఏళ్లుగా ట్యాంకులు కడుతున్న పెద్దాయన గురించి చెప్పాలి. నేను సామాన్ల జాబితా చదువుతుంటే ఆపి, "అది తర్వాత. కరెంటు పోతే పై ట్యాంకులోంచి ఎన్ని నీళ్లు కిందికి దిగుతాయి?" అని అడిగారు. పక్కన కూర్చోబెట్టుకుని లెక్క కట్టించారు. ట్యాంకు 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు. మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు. మూడు సెంటీమీటర్లు దిగితే 16 లీటర్లు దాటుతుంది, పైపుల్లో ఉన్నది అదనం. 75 × 35 సెం.మీ. సంప్‌లో ఆ నీటికే మట్టం ఆరు సెంటీమీటర్లు లేస్తుంది. అందుకే 40 సెం.మీ. ఎత్తున్న సంప్‌లో పైన 12 సెం.మీ. ఖాళీ వదిలాం. పైకి వెళ్లే పైపుకి, పై ట్యాంకు నీటిమట్టానికి కాస్త కిందుగా, చిన్న రంధ్రం పెట్టించిందీ ఆయనే. మట్టం అక్కడిదాకా తగ్గగానే గాలి దూరి సైఫన్ (పంపు ఆగాక అదే పైపులోంచి నీళ్లు వెనక్కి కిందికి లాగేసుకోవడం) తెగిపోతుంది. ఆ రంధ్రానికి నాచు పట్టకుండా చూసుకోమని మరీ మరీ చెప్పారు. సార్, మీరు ఆ ప్రశ్న అడగకపోతే గది నేలంతా నీళ్లయ్యేవి.

ఇక సామాన్ల సంగతి. "ఏది బలమైనదని కాదు, ఏది దేనికి అంటుకుంటుందో చూడు" అని ఒక అక్క అన్న మాటతో నా టెన్షన్ సగం తీరింది. సిలికాన్ అద్దానికి గట్టిగా పట్టుకుంటుంది. యాక్రిలిక్‌కి అంత బాగా పట్టదు, దాన్ని సాల్వెంట్‌తో (ప్లాస్టిక్ అంచుల్ని కరిగించి కలిపే ద్రవంతో) అతికించాలి. టబ్బులు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తోనో పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌తోనో చేస్తారు, వాటికి సిలికాన్ అసలు నిలవదు. పైగా నీళ్లు నిండితే టబ్బు గోడలు బయటికి ఉబ్బుతాయి, సంప్‌ని గదులుగా విడదీయడానికి లోపల అతికించిన అడ్డుపలకలు ఊడిపోతాయి. నాకు మూడు గదులు కావాలి కాబట్టి బయటి గోడలూ అద్దమే, అడ్డుపలకలూ అద్దమే అని నిర్ణయమైపోయింది. అడ్డుపలకలు వేయక్కర్లేని వాళ్లకి టబ్బు ఇప్పటికీ మంచిదే అని నా అభిప్రాయం. తేలిక, పగలదు.

సిలికాన్ ఎంపికలో సాయపడిన తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్. బాత్రూమ్‌ల కోసం అమ్మే రకాల్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకి ప్రమాదం. అక్వేరియంకి పనికొస్తుందని ట్యూబు మీదే రాసి ఉన్నది కొనమన్నాడు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుందని, అది పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయొద్దని చెప్పాడు. ఆరిన సిలికాన్ మీద కొత్తది సరిగ్గా పట్టదట. అందుకని ఒక్కో అతుకునీ ఒకేసారి పూర్తి చేశాం.

పైపులకి పీవీసీ, వాల్వు కూడా ప్లాస్టిక్‌దే. మా ట్యాంకులో రొయ్యలున్నాయని తెలిసి, ఇత్తడి వాల్వు వద్దని వారించిన వారికి రుణపడి ఉంటాను. ఇత్తడిలో రాగి ఉంటుంది. చేపలు తట్టుకోగలిగినంత రాగి కూడా రొయ్యల ప్రాణం తీస్తుంది.

అద్దం ముక్కల అంచులు చేతులు కోసుకోకుండా నున్నగా అరగదీసి ఇచ్చిన కటింగ్ పనివారికి కూడా నా నమస్కారాలు. సంప్ కట్టాలనుకునే వాళ్లెవరైనా మా కొలతలు, గీసుకున్న పటం కావాలంటే అడగండి, సంతోషంగా పంపిస్తాను.